తెల్లకోటుకి ముందు

మొన్న వేసవిలో ఓ రాత్రి మా పక్కవాటా మామ్మగారికి ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైంది. 108కి ఫోన్ చేశాం. బండిలోంచి దిగిన అమ్మాయికి మహా ఉంటే ఇరవైమూడేళ్లు. వేలికి క్లిప్పు తగిలించి, బీపీ చూసి, ఆక్సిజన్ పెట్టి, "ఏం భయం లేదు మామ్మా" అంటూ కేజీహెచ్‌కి తీసుకెళ్లింది. మామ్మగారు కోలుకున్నారు.

అదంతా గుమ్మంలో నిలబడి చూసింది ఆవిడ మనవరాలు. మూడోసారి నీట్‌కి చదువుతున్న పిల్ల. మర్నాడు నాతో, "పిన్నిగారూ, గుండె బొమ్మ కళ్లు మూసుకుని వేస్తాను. బీపీ చూడ్డం మాత్రం రాదు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైమాటే. అర్హత పొందినవాళ్లు 12 లక్షల పైన. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు మాత్రం లక్ష పైచిలుకు. మిగిలినవాళ్లలో ఎంతోమంది మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగే. గదిలో పుస్తకాలు, ఆదివారం టెస్టులు. రోగి దగ్గర ఒక్క గంటైనా నిలబడకుండానే రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ డిగ్రీ అయ్యాకే వైద్యవిద్య. ఆ మధ్యలో పిల్లలు అంబులెన్స్‌లో పనిచేసే ఈఎంటీగానో, నర్సులకు సహాయకులుగానో సర్టిఫికెట్ తెచ్చుకుని జీతానికి పనిచేస్తారు. అక్కడి నర్సింగ్ హోముల్లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని ఆ దేశ చట్టమే చెబుతోంది. సీటిచ్చేటప్పుడు మార్కులతోపాటు ఈ అనుభవాన్నీ చూస్తారు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లలూ ఈ దారినే నడుస్తున్నారు.

మన దగ్గర ఆ అనుభవానికి ఒక్క మార్కూ రాదు. అప్పట్లో ఎంసెట్ అయినా, 2017 నుంచి నీట్ అయినా ర్యాంకే లెక్క. మరి ఆ పని చేయడం దండగా? కాదంటాను. నీట్‌కి గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు కాబట్టి తలుపు మూసుకుపోదు. చేతికి జీతం వస్తుంది. అన్నిటికీ మించి, రక్తం, వాసన, ఏడుపు తనవల్ల అవుతాయో లేదో ఆ పిల్లకే తెలుస్తుంది. తెలిశాక నర్సింగో, ల్యాబ్ టెక్నాలజీయో ఇష్టపడి ఎంచుకున్నా అది ఓటమి కాదు.

అయితే కళ్లు తెరుచుకునే అడుగు వేయాలి. మా బంధువులమ్మాయి ఒకచోట డబ్బు కట్టి కోర్సు చేస్తే, చివరికి ఆ సర్టిఫికెట్‌కి గుర్తింపే లేదని తేలింది. ఫీజు కట్టేముందే కోర్సుకి ప్రభుత్వ గుర్తింపు ఉందా, నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా అని అడగండి. ఏ ఆసుపత్రిలో ఎన్ని నెలలు రోగుల దగ్గర నేర్పుతారో కనుక్కోండి. శిక్షణ పేరుతో జీతం లేకుండా వాడుకుంటారేమో, రాత్రి డ్యూటీకి రానుపోను ఏర్పాటేమిటో తేల్చుకోండి. ఇంకో మాట. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి కొద్ది నెలల కోర్సు చేసినంత మాత్రాన నర్సు అయిపోరు. ఇంజెక్షన్ చేయమంటే "నా పని కాదండీ" అనగలగాలి.

ప్రభుత్వమూ ఆలోచించాలి. పీజీ సీట్లలో సర్కారు డాక్టర్లకు ఇన్‌సర్వీస్ కోటా ఉంది. రాష్ట్రాలు అలా ఇవ్వచ్చని 2020లో సుప్రీంకోర్టూ చెప్పింది. పని చేసిన చేతికి పీజీలో విలువ ఉన్నప్పుడు, ఎంబీబీఎస్‌లో కొద్దిగానైనా ఎందుకు ఉండకూడదు? దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయంటారా? నిజమే. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల్లో, జీతం రికార్డున్న పనినే లెక్కలోకి తీసుకోవాలి.

ఇదంతా చెబితే ఆ పిల్ల తల్లి ముఖం చిన్నబుచ్చుకుంది. "డాక్టరు కావలసిన పిల్ల బెడ్‌పాన్లు తీస్తుందా వదినా? రేపు సంబంధాలొస్తే ఏం చెప్పను?" అంది. ఆ రాత్రి వాళ్లత్తగారికి ఊపిరి అందించిన అమ్మాయి కూడా ఒక తల్లి కూతురే కదా అన్నాను. ఆవిడ మాట్లాడలేదు.

కూతురు మాత్రం మెల్లగా, "ఆ కోర్సు ఎన్ని నెలలు పిన్నిగారూ?" అనడిగింది.

మీ ఇంట్లో అమ్మాయి అడిగితే మీరేం చెబుతారు?