పురాభివృద్ధి: సాలుసరి లెక్క



ఆర్థిక సంవత్సరము ముగిసిన పిదప పురపాలకసంఘములవారు తాము చేసిన పనులను వివరించుచు నివేదికలు ప్రకటించుట వాడుక. అట్టి చిన్నపుస్తకము నొకదానిని నిరుడు మావారు పాఠశాలనుండి తెచ్చి మాకిచ్చిరి. అందు మా వీథి మురుగుకాలువ ‘పూర్తియైన పనులు’ అను శీర్షికక్రింద చేర్పబడియున్నది. అది యబద్ధము గాదు. కాలువ కట్టబడినమాట నిజమే. కాని దాని యడుగు మా యిండ్ల తూములకంటె జానెడెత్తున నుండుటచే, వాన కురిసినప్పుడెల్ల నీరు కాలువనుండి యిండ్లలోనికే వచ్చుచున్నది. శ్రావణమాసమున మా యెదురింటి బాలింతరాలు పసిబిడ్డను ఒడిలో నుంచుకొని రెండురాత్రులు మంచము దిగక కూర్చుండవలసివచ్చెను. ఆ సంగతి వ్రాయుటకు పుస్తకమున గడి లేదు.

సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును చూడవచ్చి, రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము వానమీదనే యాధారపడక సాగుచున్నదా యని ప్రశ్నించును. ఆ ఘట్టమును బాల్యమున మా తండ్రిగారియొద్ద చదువుకొంటిమి. అడుగువాడు మహర్షి గనుక రాజునకు తప్పించుకొన వీలులేదు. మరి యీ కాలమున మురుగుకాలువనుగూర్చి అడుగవలసినవారెవరు? ఒక దూరదేశపు నగరవృత్తాంతమును చదివినప్పుడు మాకు దీనికి సమాధానము దొరకినట్లు తోచెను.

దక్షిణ బ్రెజిల్ దేశమున పోర్టో అలెగ్రె యను నగరము కలదు. జనసంఖ్య సుమారు 13 లక్షలు. ఆ దేశమున సైనికపాలన 1985 లో ముగిసెను. 1989 లో ఒలీవియో దుత్రా యనువారు ఆ నగరమునకు మేయరై, రాబడిలో క్రొత్త పనులకు ఎంత వెచ్చింపవలయునో, ఎచ్చట వెచ్చింపవలయునో పౌరులే నిర్ణయించు పద్ధతి నారంభించిరి. నగరమును 16 భాగములుగా విభజించి ప్రతి భాగమునందును ఏటేట సభలు జరిపెడివారు. ముందుగా జరుగు సభలో అధికారులు నిలువబడి, నిరుడు ఒప్పుకొన్న పనులలో ఏవి చేసితిమి, ఏవి చేయలేదు అని అప్పగింపవలయును. ఆ పిమ్మటనే క్రొత్త కోరికలు. తరువాత పేటపేటను చిన్న సమావేశములు, ప్రతినిధుల యెన్నిక, సెప్టెంబరులోగా బడ్జెట్టు సిద్ధమగుట. ఏ పేటకు ఏ పని యొప్పుకొన్నారో ఆ పట్టిక అచ్చువేయబడెడిది. మరుసటేట దానినే చేతబట్టుకొని జనులు సభకు వచ్చెడివారు.

తొలియేడు మాత్రము ఫలింపలేదనియే చెప్పవలయును. రాబడిలో చాలవరకు జీతములకే చెల్లిపోవుటవలన ఒప్పుకొన్న పనులు సాగలేదు. 1990 లో సభలకు వచ్చినవారు వేయిమందికి లోపే. ఇంటిపన్నుల నాస్తినిబట్టి సవరించి రాబడి పెంచుకొన్న పిమ్మట పనులు నడిచినవి, జనులును వచ్చిరి. 2000 నాటికి సభికులలో సగముకంటె ఎక్కువమంది స్త్రీలే. నీటివసతియు మురుగుకాలువల వసతియు 1988 లో నూటికి 75 ఇండ్లకుండగా 1997 నాటికి 98 ఇండ్లకు కలిగినవని ప్రపంచబ్యాంకువారి గణన.

సొమ్ము పంచు విధము మాకు మిక్కిలి నచ్చినది. జనసంఖ్య ఎంత, ఆ భాగమువారు ఏ పనిని ముందు కోరిరి, ఆ వసతి వారికెంత కొరతగా నున్నది అను మూడింటికిని మార్కులు వేసెడివారు. కొరత మిక్కుటముగానున్న చోటికి ఎక్కువ సొమ్ము పోయెడిది. ఇది పంక్తిభేదము గాదా యని కొందరడుగవచ్చును. వడ్డించు చేతికి తెలియనిదేమున్నది? బాలింతకు రెండుగరిటెలు నెయ్యి ఎక్కువ వేసినయెడల ఆ యింట ఎవరును దానిని పంక్తిభేదమనరు. కడుపునిండినవానికి మరల మరల వడ్డించి, ఆకు చివరనున్నవానిని మరచుటయే పంక్తిభేదము.

ఇంత మేలైన పద్ధతియు నిలువలేదు. 2004 ఎన్నికలలో ఆ పక్షము ఓడిపోగా, తరువాత వచ్చినవారు పేరు నిలిపియుంచిరేగాని బలము తగ్గించిరి. ఒప్పుకొన్న పనులు ఏటికేడు బకాయిపడినవి. 2017 లో సభలే నిలిపివేయబడెను. నిరుటి లెక్క అప్పగింపనిచోట క్రొత్త కోరికలు అడుగుటకు ఎవరు వత్తురు? మాకు పద్ధతి పుట్టుకకంటె క్షీణించిన తీరే ఎక్కువ పాఠముగా తోచినది.

మనకు సాధనములు లేకపోలేదు. 1993 జూన్ 1 నుండి అమలులోనున్న రాజ్యాంగపు 74వ సవరణ పట్టణయోజనను పురపాలకసంఘములకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. మూడులక్షలు గాని అంతకు మించి గాని జనసంఖ్యగల పట్టణములకు వార్డు కమిటీలుండవలెననినది. స్త్రీలకు స్థానములలో మూడవవంతు కంటె తక్కువ గాకుండ కేటాయింపగా, మన ఉభయ తెలుగురాష్ట్రములును ఆ భాగమును సగమునకు పెంచినవి. ఆమె పేర భర్తగారే కుర్చీలో కూర్చుండు చోట్లు కలవని మేమెరుగుదుము. ఆ సంగతి మరియొక నెల వ్రాసెదము.

గడచిన మాసమున మా వీథివారము ఐదుగురము స్త్రీలము ఆ చిన్నపుస్తకమును తీసికొని కౌన్సిలరుగారి యింటికి వెళ్లితిమి. ఆమె అందలి మా వీథిపేరున్న పుటను రెండుమారులు చదువుకొని, “ఇది నాకెవరును చూపలేదమ్మా” అనిరి. నాయనగారు తాపీమేస్త్రీయట, తూము ఎత్తు, కాలువ అడుగు వేరువేరుగా కొలువవలెనని మేము చెప్పకముందే గ్రహించిరి. మరునాడు స్వయముగా వచ్చి, మా యెదురింటి బాలింతరాలి గుమ్మమున టేపు పట్టి కొలిచి, తొమ్మిది అంగుళములని వ్రాసికొనిరి. ఇంజనీరుగారిని వెంటబెట్టుకొని వచ్చెదనని చెప్పి మూడువారములైనది. ఈ సంవత్సరపు పుస్తకము ఇంకను అచ్చుకాలేదు.