మెల్లని సాధన

నల్లమాడ ప్రాంతపు రైతునకు వాన రెండు విధములని తెలియును. ఒకటి ఉరుములతో మెరుపులతో వచ్చి, గడియసేపు కుండపోతగా కురిసి, చేనిలోని మెత్తని మన్నును వంకలోనికి కొట్టుకొనిపోవును. మరియొకటి సద్దు చేయక రాత్రియంతయు సన్నగా పడి, నేలను లోతుగా పదును చేయును. నల్లమాడ 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, పిదప శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను వాన మారలేదు. ఆ మెట్టసీమలో ఏడాది సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అచ్చట వేరుసెనగ విత్తువాడు కోరుకొనునది రెండవ వాననే. మొదటిదానిని చూచి పిల్లలు కేరింతలు కొట్టుదురు. రెండవదానిని ఎవరును అంతగా గమనింపరు. అయినను పైరు నిలుచునది దానివలననే.

సంగీత సాధనకును ఇదే న్యాయము వర్తించును. కాని మెల్లగా, సులభముగా నుండు పాఠమునకు లోకములో గౌరవము తక్కువ. వార్షికోత్సవము దగ్గరపడగానే పెక్కు పాఠశాలలలో ఒక వేగమైన పాటను ఎన్నుకొని, పది పదునైదు దినములలో పిల్లలచే వల్లె వేయింతురు. ఆనాడు చప్పట్లు మ్రోగును. మరునాటినుండి పాటయు వాద్యమును మూలబడును. కొన్ని మాసములు గడచిన పిమ్మట ఆ పిల్లవానిని ఒక్క స్వరము నిలిపి పలుకుమన్నచో పలుకలేడు. అది వాని దోషము కాదు. పునాది లేకయే మేడ కట్టించినవారి దోషము.

మౌతార్గన్ అను చిన్న వాద్యమును చూచినచో ఈ సంగతి తేటపడును. జేబులో ఇమిడిపోవు ఈ వాద్యమును తయారుచేయు పరిశ్రమను జర్మనీలోని ట్రోసింగెన్‌లో మతియాస్ హోనర్ 1857లో నెలకొల్పెను. సామాన్యమైన మౌతార్గన్‌లో పండ్రెండు స్వరస్థానములును సులువుగా దొరకవు. క్రోమాటిక్ హార్మోనికా అను రకములో ఆ కొరత లేదు. దాని ప్రక్కన ఒక మీట ఉండును. మీట నొక్కగానే స్వరము ఒక స్థానము పైకి జరుగును. ఊదినపుడు ఒకటి, పీల్చినపుడు ఒకటి, మీట నొక్కి ఊదినపుడు మరియొకటి, మీట నొక్కి పీల్చినపుడు ఇంకొకటి — ఇట్లు ఒక్కొక్క రంధ్రమునకు నాలుగు లోహపు రేకులు. పండ్రెండు రంధ్రముల వాద్యములో నలువదియెనిమిది రేకులు.

ఇంతటి సదుపాయము చేతిలో నుండగా బాలుని మనస్సు వేగమైన పాటపైకే పోవును. వానికి మొదట ఈయదగినది మాయామాళవగౌళ రాగములోని మొదటి సరళి వరుస. సంగీతము నేర్చు తెలుగు పిల్లల తొలి పాఠమిది. ఈ క్రమమును ఏర్పరచినవాడు పదునారవ శతాబ్దిలో విజయనగర రాజుల కాలమున జీవించిన పురందరదాసు అని సంప్రదాయము చెప్పుచున్నది.

ఈ పాఠము ఆ వాద్యమునకు ఎంత చక్కగా సరిపోవునో చూడుడు. మొదటి రంధ్రమున ఊదగా వచ్చు స్వరమును షడ్జముగా గైకొన్నచో, ఊదిన ‘స’, మీట నొక్కి ఊదిన ‘రి’. రెండవ రంధ్రమున ఊదిన ‘గ’, పీల్చిన ‘మ’. మూడవదానియందు ఊదిన ‘ప’, మీట నొక్కి ఊదిన ‘ద’. నాలుగవదానియందు పీల్చిన ‘ని’, ఊదిన పై ‘స’. ఎనిమిది స్వరములు నాలుగు జంటలై నాలుగు రంధ్రములలో కుదురుకొనును. ఒక జంటకు వ్రేలు పని చేయవలెను. మరియొక జంటకు ఊపిరి దిక్కు మార్చవలెను. ఆది తాళపు ఎనిమిది అక్షరములలో ఎక్కుటయు, మరల ఎనిమిదింటిలో దిగుటయు జరుగును. పాఠమంతయు ఇంతే.

ఇది సులభమని తోచును. మెల్లగా వాయించి చూచినపుడే దాని కష్టము తెలియును. పెదవులు సరిగా కుదరనిచో ప్రక్క రంధ్రము కూడ పలుకును. మీట ఆలస్యమైనచో ‘స’, ‘రి’ల నడుమ ఒక వెక్కిలి వినబడును. ఊపిరిని దాచుకొననిచో ‘ద’ చేరులోపలనే స్వరము వణకును. వేగముగా వాయించినపుడు ఈ తప్పులన్నియు ఒకదాని వెనుక ఒకటి దాగుకొనును. వినువారికి తెలియదు, వాయించువానికి అంతకంటెను తెలియదు. మెల్లని గతిలో దాగుటకు చోటు లేదు. కనుక సులభమైన పాఠము మందబుద్ధులకు మాత్రమే యనుట పొరపాటు. తెలివిగల విద్యార్థికే అది మరింత అవసరము. ఏలయన తప్పును వేగముతో కప్పిపుచ్చు నేర్పు వానికే ముందుగా అలవడును.

మౌతార్గన్‌పై గమకములు సరిగా పలుకవు గదా, దానితో ఈ శ్రమ యేల యని కొందరందురు. వారి మాటలో నిజము కలదు. వీణపై వలె దానిపై తీగను లాగి స్వరమును ఊపుటకు వీలులేదు. కాని సరళి వరుస కోరునది గమకమును కాదు. స్వరస్థానము, కాలప్రమాణము, నిలకడ. ఆ మూడును చేతనైనవాడు పిదప ఏ వాద్యమును చేపట్టినను మొదటినుండి మొదలిడ నక్కరలేదు. ఫిడేలును పరదేశమునుండి వచ్చినదే. ఉత్తరాంధ్రలోని విజయనగరపు మహారాజా సంగీత కళాశాలలో దానిని బోధించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) చేతిలో అది తెలుగువారి వాద్యమైనది. పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాద్యకారులు కారు. ఆయన పాడెడివారు, బాలుడు విని వాద్యముపై పలికించెడివాడు. విద్య స్వరములో నున్నదిగాని కొయ్యలోను లోహములోను లేదని దీనివలన తెలియుచున్నది.

మెల్లని సాధన యనగా ఏమరుపాటుతో చేయు సాధన కాదు. మనస్సు ఎచ్చటనో ఉంచి నూరుసార్లు వాయించుటకంటె, చెవి నిలిపి పదిసార్లు వాయించుట మేలు. దినమునకు పావుగంట చాలును. మొదటి కాలములో దోషము లేకుండ వచ్చిన పిమ్మటనే రెండవ కాలము, ఆ తరువాతనే మూడవ కాలము. ఉపాధ్యాయులు వార్షికోత్సవ వేదికపై ఒక వేగమైన పాటకు బదులు ఒక సరళి వరుసను శుద్ధముగా వాయింపజేసినను తప్పులేదు. చప్పట్లు తగ్గవచ్చును. కాని ఆ బాలుడు మరునాడు వాద్యమును మూలకు నెట్టడు. నిన్నటి పాఠముపై నేటి పాఠమును నిలుపుకొనును.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని పెద్దలందురు. నీటి విలువ నెరిగిన నల్లమాడ సీమలో ఈ మాట ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. అచ్చటి రైతు వాన వెలిసిన పిమ్మట ఆకాశమును చూడడు. చేనిలోనికి పోయి, పిడికెడు మన్ను తీసి, పదును ఎంత లోతు దిగినదో చూచును. విద్యార్థి సాధనను కొలువవలసినదియు అట్లే.