థార్ కిందికి దూరడానికి భయమెందుకు?

"ఇప్పటి బండ్లన్నీ కంప్యూటర్లండీ, ఇంట్లో చెయ్యి పెడితే పాడైపోతాయి." నా పాత థార్‌ని చూసిన వాళ్లలో సగం మంది ఈ మాటే అంటారు. నేను ఒప్పుకోను.

2010లో వచ్చిన మహీంద్రా థార్ చూడ్డానికి తాతలనాటి విల్లీస్ జీపు. కిందికి వంగి చూసినా చాలావరకు ఆ జీపే. నిచ్చెన లాంటి చాసిస్, వెనక కమాన్ కట్టలు, ముందుకొకటి వెనక్కొకటి ప్రొపెల్లర్ షాఫ్టులు. కంప్యూటర్ పెత్తనమంతా సీఆర్‌డీఈ ఇంజను మీదే. వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో డీజిల్ చిమ్మే ఆ ఇంజెక్టర్ల జోలికి నేనూ పోను, మీరూ పోవద్దు. కానీ వాటిని చూపించి గ్రీజు కొట్టడానికి కూడా మనిషిని భయపెట్టడం అన్యాయం.

ఒకసారి బండి సర్వీసు నుంచి వచ్చింది. బిల్లులో గ్రీజింగ్ అని రాశారు, డబ్బూ తీసుకున్నారు. ఆ సాయంత్రం చాప పరిచి కిందికి దూరితే, వెనక షాఫ్టు క్రాస్‌కి గ్రీజు ఎక్కించే నిపుల్ మీద ఎండిన మట్టి పెళ్ల అలాగే ఉంది. గుడ్డతో తుడిచి, గ్రీజు గన్ తగిలించి నొక్కాను. సీలు అంచుల్లోంచి ముందు తుప్పు రంగు జిగురు వచ్చింది, తర్వాత నల్లగా, చివరికి కొత్త గ్రీజు. తుప్పు రంగంటే లోపలికి నీళ్లు చేరాయనే. ఇంకొన్నాళ్లు వదిలేస్తే క్రాస్ అరిగి, గేరు వేసినప్పుడల్లా టక్కుమనేది. నాకు పట్టింది పావుగంట. థార్ ఎత్తుకి జాకీ కూడా అక్కర్లేదు. చక్రం విప్పే పనుంటే మాత్రం స్టాండ్లు పెట్టకుండా, ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు.

మాది కాకినాడ. ఉప్పాడ బీచ్ రోడ్డులో అల ఎగిరి బండి మీదే పడుతుంది. ఆ ఉప్పు చాసిస్ మూలల్లో కూర్చుని తినేస్తుంది. ఆరు నెలలకొచ్చే సర్వీసు దాన్నేం ఆపుతుంది? ఇంటికి రాగానే కిందంతా మంచినీళ్ల పైపు పట్టాలి. ఆ పని బండి గలవాడే చెయ్యాలి.

ఇక బయట చెయ్యి పడితే వారంటీ పోతుందనే బెదిరింపు. స్పేర్ పార్టులు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల జరిమానా వేసింది. అందులో మహీంద్రా కూడా ఉంది. కంపెనీలు పై కోర్టుల మెట్లెక్కాయి, అది వేరే సంగతి. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదని ఆ ఉత్తర్వే చెప్పింది. "మీకు చేతకాదు" అన్న మాట వెనక ఎవరి లాభం ఉందో ఇంతకంటే స్పష్టంగా చెప్పక్కర్లేదు.

ఒక గ్రీజు గన్ కొనండి. ఈసారి బండి సర్వీసు నుంచి రాగానే, చాప పరిచి ఒక్కసారి కిందికి దూరి నిపుళ్లు చూడండి.