వలసలపై నింద ఎవరి రక్షణ కోసం?

నగరంలో హత్య జరిగితే ముందుగా వేలెత్తి చూపేది వలస వచ్చినవారినే. ఆ నింద తరచుగా స్త్రీల రక్షణ పేరుతోనే సాగుతుంది. అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నానని 2015 జూన్‌లో ప్రకటించిన డొనాల్డ్ ట్రంప్, మెక్సికో నుంచి వచ్చేవారిలో రేపిస్టులున్నారన్నాడు. మన పేరు చెప్పి చేసే వాదనను మనమే పరీక్షించాలి.

అమెరికాలో విదేశాల్లో పుట్టినవారు 1990లో దాదాపు 2 కోట్లు. 2000 నాటికి 3 కోట్లు దాటారు. లక్ష జనాభాకు హత్యలు మాత్రం 1991లో 9.8 ఉండగా 2000లో 5.5కు తగ్గాయి. ఒకదానివల్లే రెండోది జరిగిందనలేం. కానీ వలసలతో హత్యలు పెరుగుతాయన్న సూత్రం ఇక్కడ నిలవదు. షికాగోలో రాబర్ట్ శాంప్సన్ బృందం చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తొలితరం వలసదారులు హింసకు పాల్పడే అవకాశం మూడోతరం అమెరికన్లకన్నా 45 శాతం తక్కువ.

వలస కుటుంబాల్లో హింస లేదని కాదు. నాలుగు గోడల మధ్య హింస లేని సమాజం ఏదీ లేదు. ఆ హింసను స్త్రీ బయటికి చెప్పగలదా అన్నదే ప్రశ్న. 2017 తొలి మూడు నెలల్లో హ్యూస్టన్‌లోని హిస్పానిక్ ప్రజల నుంచి అత్యాచార ఫిర్యాదులు అంతకుముందు ఏడాదికన్నా 40 శాతానికి పైగా తగ్గాయని ఆ నగర పోలీసు అధిపతే చెప్పాడు. ఇతరుల ఫిర్యాదులు పెరిగాయి. దేశం నుంచి పంపేస్తారన్న భయం బాధితుల నోరు నొక్కేసిందని ఆయన అభిప్రాయం. దెబ్బలు చావుదాకా పోయేది ఇలాంటి మౌనంలోనే.

ఇది మన ఆడపిల్లలకు దూరపు సంగతి కాదు. హెచ్-4 వీసాపై వెళ్ళిన స్త్రీ నివాస హక్కు భర్త ఉద్యోగ వీసాకు ముడిపడి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతలో, మా దేశం విడిచి పొమ్మంటూ ఒక తెల్లజాతీయుడు హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపాడు. భర్తతోపాటే ఆయన భార్యకు అక్కడ ఉండే హక్కూ పోయింది. భర్త చనిపోతే పోయే హక్కు, కొట్టే భర్తను వదిలేస్తే మిగులుతుందా?

ఇక్కడా అదే ధోరణి. 2018లో గుజరాత్‌లో పసిబిడ్డపై జరిగిన అత్యాచారం కేసులో ఒక బీహారీ కూలీ అరెస్టు కాగానే, ఏ పాపం ఎరుగని వేలాది ఉత్తరాది కూలీలు భార్యాబిడ్డలతో పారిపోవలసి వచ్చింది.

వలస స్త్రీకి భర్తతో నిమిత్తం లేని నివాస హక్కు కావాలి. స్టేషన్ మెట్లెక్కిన బాధితురాలిని కాగితాలు అడగకూడదు. మనల్ని రక్షిస్తామనేవారిని ముందుగా ఈ రెండూ ఇమ్మని నిలదీద్దాం.