పడవ ఒకటే, సాక్ష్యాలు రెండు

సువార్తలను పక్కపక్కన పెట్టి పోల్చి చదవమంటే మనలో చాలామందికి భయం. తేడాలు కనబడితే విశ్వాసం ఏమైపోతుందోనని! ఆ భయం అక్కరలేదు.

గలిలయ సముద్రంలో తుపాను ఉదంతాన్నే చూద్దాం. మార్కు సువార్త(4:35-41)లో శిష్యులు యేసును 'బోధకుడా' అని పిలిచి, తాము నశించిపోతుంటే పట్టదా అని నిష్ఠూరమాడతారు. ప్రభువు ముందు తుపానును అణచి, తర్వాత వారిని మందలిస్తాడు. మత్తయి(8:23-27)లో వారు 'ప్రభువా' అని మొరపెట్టి రక్షించమంటారు. ప్రభువు ముందు వారి అల్పవిశ్వాసాన్ని మందలించి, ఆ తర్వాతే గాలిని, సముద్రాన్ని గద్దిస్తాడు.

మత్తయి మార్కు సువార్తను ఆధారం చేసుకున్నాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మరి ఈ మార్పులెందుకు? జర్మన్ పండితుడు గుంతర్ బోర్న్‌కామ్ 1948లో ఈ ప్రశ్నే వేసుకున్నాడు. ప్రభువును వెంబడిస్తామన్న ఇద్దరితో ఆయన సంభాషణను మత్తయి ఈ ఉదంతానికి ముందుంచాడు. శిష్యులు ఆయనను 'వెంబడించి' పడవ ఎక్కారన్నాడు. అంటే, ఆ పడవలో మత్తయి శ్రమల నడుమ సాగే సంఘాన్ని చూపించాడని బోర్న్‌కామ్ వివరించాడు.

లూకా సైతం అన్నిటినీ విచారించి వరుసగా రాస్తున్నానని మొదట్లోనే చెప్పాడు. పరిశుద్ధాత్మ సువార్తికుల చేతులనే కాదు, వారి ఆలోచననూ వాడుకున్నాడు. కనుక ఈ తేడాలను మన యౌవనస్తులకు మనమే చెబుదాం. బయట ఎవరో ఎగతాళిగా చెప్పేదాకా ఆగవద్దు. మార్కు మన భయాన్ని దాచడు. మత్తయి ఆ భయాన్ని ప్రార్థనగా మార్చుకోమంటాడు. తుపానులో ఉన్న సంఘానికి రెండూ కావాలి.