సహాయకురాలి పేరు

విజ్ఞాన శాస్త్రంలో స్త్రీల గురించి మాట్లాడవలసి వస్తే మన సభల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ ముందుగా వినిపించే పేరు మేరీ క్యూరీ. రెండు నోబెల్ బహుమతులు పొందిన ఆమె గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒక్క అసాధారణ స్త్రీని పీఠమెక్కించి, అదే ప్రయోగశాలలో పనిచేసిన మిగతా స్త్రీలను మరిచిపోవడం పితృస్వామ్య వ్యవస్థకు చాలా సులువు. అలా మరుగున పడిన వాళ్లలో మార్గెరీత్ పెరే ఒకరు.

పెరే 1909లో పారిస్ దగ్గర పుట్టింది. డాక్టరు కావాలనుకుంది. కానీ చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో విశ్వవిద్యాలయంలో చదివే స్తోమత ఆ కుటుంబానికి లేకపోయింది. ఆడపిల్లలకు సాంకేతిక విద్య నేర్పే బడిలో రసాయన శాస్త్రం డిప్లొమా తీసుకుని, 1929లో 19 ఏళ్ల వయసులో పారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో మేరీ క్యూరీకి సహాయకురాలిగా చేరింది. యురేనియం ఖనిజంలో అత్యల్పంగా ఉండే ఆక్టినియం అనే రేడియోధార్మిక మూలకాన్ని వేరుచేసి శుద్ధి చేయడం ఆమె పని. రసాయన గుణాల్లో దానిని పోలిన లాంథనమ్ నుంచి విడదీయాలంటే కరిగించడం, అవక్షేపించడం, వడకట్టడం మళ్లీ మళ్లీ చేస్తూ పోవాలి. 1934లో మేరీ క్యూరీ మరణించాక కూడా పెరే ఇదే పని కొనసాగించింది.

ఆ ‘చాకిరీ’లోంచే జ్ఞానం పుట్టింది. ఆక్టినియం నుంచి దాని క్షయ ఉత్పత్తులను పూర్తిగా తొలగించి వెంటనే కొలిస్తే, తెలిసిన పదార్థాలేవీ వివరించలేని రేడియోధార్మికత కాసేపట్లోనే పెరుగుతోందని పెరే గమనించింది. అది ఆవర్తన పట్టికలో అంతవరకూ ఖాళీగా ఉన్న 87వ గడిలోని మూలకమని 1939 జనవరిలో తేల్చింది. ఆక్టినియం పరమాణువుల్లో నూటికి ఒకటి, మహా అయితే రెండు మాత్రమే ఈ మూలకంగా మారతాయి. ఆ మారినవి కూడా సుమారు 22 నిమిషాల్లో సగం నశించిపోతాయి. పదేళ్లుగా అదే పని చేసి ఆరితేరిన చేతులు కాబట్టే దానిని పట్టుకోగలిగాయి.

అప్పుడొక వివాదం తలెత్తింది. మేరీ క్యూరీ కుమార్తె ఐరీన్, ఆక్టినియాన్ని కనుగొన్న ఆంద్రే దెబియర్న్ ఇద్దరూ ప్రయోగశాలలో పెద్దలే. పెరే ఈ పని ఎవరి కింద చేసినట్టు? చివరికి ఆ ఇద్దరి పేర్లూ లేకుండా, పరిశోధన ఆమె ఒక్కరి పేరుతోనే వెలువడింది. ఇద్దరు పెద్దల మధ్య వాదన రాకపోయి ఉంటే ఆమె పేరు ఎక్కడ ఉండేది?

మూలకాన్ని కనుగొన్నా పట్టా మాత్రం లేదు. అందుకని ఆమె సోర్బాన్‌లో చదువుకుని 1946లో డాక్టరేటు సంపాదించింది. తన మూలకానికి ఫ్రాన్షియం అనే పేరును అప్పుడే ప్రతిపాదించింది. 1949లో స్ట్రాస్‌బూర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైంది. 1911లో మేరీ క్యూరీని కాదన్న ఫ్రెంచి సైన్సు అకాడమీ, 1962లో పెరేను ఎన్నుకుంది. 1666లో స్థాపించిన ఆ సంస్థలోకి ఎన్నికైన మొదటి స్త్రీ ఆమే. అదీ కరస్పాండింగ్ సభ్యత్వం మాత్రమే. పూర్తి సభ్యత్వం ఒక స్త్రీకి దక్కడానికి 1979 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ గౌరవం వచ్చేనాటికే పెరే శరీరాన్ని క్యాన్సర్ పట్టుకుంది. ఫ్రాన్షియం క్యాన్సర్‌ను గుర్తించడానికి పనికొస్తుందని ఆమె ఆశపడింది. ఏళ్ల తరబడి ఆ జబ్బుతో బాధపడి 1975లో మరణించింది. అంతకుముందు మేరీ క్యూరీ ఎప్లాస్టిక్ ఎనీమియాతో, ఐరీన్ 1956లో ల్యుకేమియాతో పోయారు. వీటిని మనం ‘శాస్త్రం కోసం త్యాగం’ అంటూ కీర్తిస్తాం. త్యాగం అనగానే రక్షణ కల్పించాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఇంటి చాకిరీలోనూ మనకు నేర్పిన భాష ఇదే కదా!

ఈ ప్రశ్నలు పారిస్ ప్రయోగశాలతో ఆగిపోవు. మన సంస్థల్లో సర్వేకు ఎండలో గడపగడపా తిరిగేది ఎవరు? ఏ స్త్రీ ఎప్పుడు నోరు విప్పుతుందో, ఏ ప్రశ్నకు ఎందుకు మౌనంగా ఉండిపోతుందో తెలిసింది ఎవరికి? క్షేత్రంలో పనిచేసే కార్యకర్తలకే. నివేదిక అచ్చయ్యేటప్పటికి వాళ్లు చివరి పేజీలో ‘సహకరించిన వారు’ అవుతారు, ఒక్కోసారి అదీ ఉండదు. రచయిత్రుల స్థానంలో నాలాంటి పట్టా ఉన్నవాళ్ల పేర్లు ఉంటాయి. సమాచారం సేకరించడం ‘పని’, దానిని విశ్లేషించడం ‘జ్ఞానం’ అనే విభజనను విశ్వవిద్యాలయాల్లో విమర్శించిన మనమే మన కార్యాలయాల్లో పాటిస్తున్నాం.

దీనిని మార్చుకోవడం మన చేతుల్లోనే ఉంది. క్షేత్ర కార్యకర్తలు గ్రహించిన విషయాలు నివేదికలో చేరినప్పుడు వాళ్ల పేర్లు రచయిత్రులుగా ఉండాలి. చదువు కొనసాగించాలనుకునే వాళ్లకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ప్రయాణాల్లో భద్రత, జబ్బు చేస్తే వైద్యం ఎవరో చూపే దయగా కాక నియమావళిలో రాసిన హక్కుగా ఉండాలి. రాబోయే ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే వీటికి బడ్జెట్‌లో చోటు పెట్టాలి. సాటి స్త్రీల శ్రమకు పేరివ్వలేని ఉద్యమం, స్త్రీల శ్రమను గుర్తించమని ప్రభుత్వాన్ని ఏ ముఖంతో అడుగుతుంది?