నడుము తొక్కించే ముందు ఆగండి

నడుము నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండానే మూత్రమో మలమో పోతున్నా, ఆసనం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పుతున్నా మర్దనకు వెళ్లకండి. ఫలానా ఆయన హస్తవాసి మంచిదని ఎవరు చెప్పినా సరే, వెళ్లకండి. వెన్నుపాము కింది నుంచి కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాల గుత్తి నలిగిపోతోందనడానికి ఇవి గుర్తులు. చాలాసార్లు అక్కడ నొక్కేది బయటికి ఉబికిన డిస్కే. డాక్టర్లు దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. ఆపరేషన్ చేసి ఆ ఒత్తిడిని ఎంత త్వరగా తీసేస్తే అంత మేలు. 48 గంటలు దాటేకొద్దీ మూత్రం మీద అదుపు తిరిగొచ్చే ఆశ సన్నగిల్లుతుంది. ఆ రెండు రోజులూ నూనె కాచి రుద్దడానికీ, ఇసుక మూటతో కాపడానికీ పోతే జీవితాంతం మూత్రపు గొట్టంతో బతకాల్సి రావచ్చు.

మర్దన మీద మాకు కోపం లేదు. నాట్లు వేసి, మిరపకాయలు కోసి పట్టేసిన నడుమును తెలిసిన చేయి రుద్దితే హాయిగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు మర్దనకూ చోటిచ్చింది. ఆ హాయి ఎంతకాలం అంటే మాత్రం జవాబు అంత గొప్పగా లేదు. 25 పరిశోధనలను పరిశీలించిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష, ఉపశమనం కొద్దికాలమేననీ, దానికున్న ఆధారాలు కూడా బలహీనమేననీ తేల్చింది. మర్దన తర్వాత నొప్పి పెరిగినవారూ అందులో ఉన్నారు. కాబట్టి "జారిన డిస్కును లోపలికి తోసేశాను" అనేవారిని నమ్మకండి. పూసల మధ్య గట్టిగా అతుక్కుని ఉండే డిస్కు బొటనవేలికి లొంగదు. టక్కున వినిపించే చప్పుడు కీలులోని గాలిది, ఎముక కుదురుకున్నది కాదు.

అన్నిటికన్నా భయపెట్టేది తొక్కించడం. ఎదురుకాళ్లతో పుట్టినవారు కాలితో తొక్కితే పట్టు విడుస్తుందనే నమ్మకం మన ఊళ్లలో ఇంకా బతికే ఉంది. ఎముకలు గుల్లబారిన ముసలావిడకు గట్టిగా దగ్గినా పూస కుంగిపోవచ్చు. అలాంటి వెన్ను మీద మనిషి బరువు మోపుతామా? ఉబ్బసానికో కీళ్లవాతానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగినవారి ఎముకలూ అంతే. పేరూ ఊరూ లేని నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలున్నాయి కనుక, తాము అవి వాడుతున్నట్టు కొందరికి తెలియను కూడా తెలియదు.

ఇంకో శత్రువు క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దగ్గు లేకుండానే అది వెన్నులో చేరగలదు. సాయంత్రం పూట జ్వరం, తగ్గుతున్న బరువు, పడుకున్నా వదలని నొప్పి ఉంటే రుద్దించుకోవడం మాని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. అక్కడ క్షయ పరీక్షలు, మందులు ఉచితం. క్షయ తొలిచేసిన పూసను బలంగా నొక్కితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. గతంలో క్యాన్సర్ వచ్చినవారు కొత్తగా నడుము నొప్పి మొదలైతే ముందు డాక్టరుకే చూపించుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టి మర్దన వల్ల లోపల రక్తస్రావం కావచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే దాన్ని అసలు రుద్దనివ్వకండి. అక్కడ రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

మర్దన చేసేది చదువుకున్న ఫిజియోథెరపిస్టయినా, ఊరి వైద్యుడైనా, మీ మీద చేయి వేయకముందే ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. ఏమీ అడగకుండా బోర్లా పడుకోమంటే లేచి వచ్చేయండి. మామూలు నడుము పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోకుండా మెల్లగా తిరుగుతుండాలి, అంతే.

మొదట చెప్పిన గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఎమ్మారై సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరండి. అక్కడ ఉత్త నడుము నొప్పి అని చెప్పి ఊరుకోవద్దు. మూత్రం సంగతీ, తిమ్మిరి సంగతీ సిగ్గుపడకుండా ముందే చెప్పండి, ఎన్ని గంటల నుంచో కూడా చెప్పండి.